అక్క పెట్టిన టిక్కు

జూన్ 15, ఆదివారం

అక్కా,

నేను బస్సెక్కేటప్పుడు మనం చేసుకున్న ఒప్పందం గుర్తుంది కదా? ఫోన్లో రెండో నిమిషానికే మన గొంతులు లేస్తాయి కాబట్టి ఉత్తరాలే. కాగితం మీదైతే కనీసం పేజీ తిరగేసేదాకా ఓర్చుకుంటాం. ఇదిగో మొదటిది.

స్కూలు మూడంతస్తులు. నా సంగీతం గది మూడో అంతస్తు చివర, విరిగిన బల్లలు పడేసే గది పక్కన. ఒక కీబోర్డు ఉంది, అందులో రెండు మెట్లు మూగవి. ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా పద్దెనిమిది సెక్షన్లు, నాలుగువందల పన్నెండు మంది పిల్లలు. ఒక్కో సెక్షన్ వారానికి ఒక్కసారి, నలభై నిమిషాలు నా దగ్గరికి వస్తుంది. తరగతి టీచర్లకి పిల్లలున్నారు. నాకు పీరియడ్లున్నాయి. తేడా అర్థమైందా?

పిల్లలు నాకు పేరు కూడా పెట్టేశారు. ఒకటి కాదు, అయిదు. సోమవారం వచ్చేవాళ్ళకి నేను సోమవారం టీచర్ని, గురువారం వాళ్ళకి గురువారం టీచర్ని. మంగళవారం పిల్ల ఒకతి మొన్న శుక్రవారం నాడు మెట్ల మీద నన్ను చూసి గోడకి అతుక్కుపోయింది. "టీచర్, మీరు ఇవాళ కూడా ఉంటారా?" అంది. ఉంటానమ్మా, ఏం చేయను.

నాలాంటి వాళ్ళం నలుగురం ఉన్నాం. డ్రాయింగ్ సార్, ఆటల సార్, లైబ్రరీ మేడమ్, నేను. స్టాఫ్ రూములో తరగతి టీచర్లు మమ్మల్ని 'మిగతావాళ్ళు' అంటారు. "మిగతావాళ్ళకి కూడా టీ ఉందా?" అన్నట్టు. చెడ్డగా ఏమీ అనరు. అదే బాధ. చెడ్డగా అంటే పోట్లాడేదాన్ని.

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నా. మా నలుగురిలో ఒకరి పీరియడ్ తీసేయాలనుకుంటున్నారట. ఆటలు తీసేయడానికి లేదు. డ్రాయింగుకి గోడల నిండా సాక్ష్యాలున్నాయి. లైబ్రరీకి బీరువాలున్నాయి. సంగీతమే గాల్లో ఉంది. సంగీతం ఉంచాలా, లేక ఆ పీరియడ్ అదనపు లెక్కలకి ఇచ్చేయాలా అని కుటుంబాలనే అడుగుతారట. ఒక కాగితం పంపుతారు, రెండు గడులు ఉంటాయి, ఒకదాంట్లో టిక్కు పెట్టాలి. సగం మంది, అంటే రెండువందల ఆరుగురు, సంగీతానికి పెడితే నేనుంటాను. లేకపోతే లేదు. ఆలోపు మా నలుగురినీ తలా ఒక పరిచయ పత్రం రాసి ఇళ్ళకి పంపమన్నారు హెడ్ మేడమ్. నాది జత చేశాను. రెండు పేజీలొచ్చింది. చదివి మొహమాటం లేకుండా చెప్పు.

నీ కూతురికి, ఆ పిడుగుకి, ముద్దులు. నా దువ్వెన అది తీసిందని నాకు తెలుసని చెప్పు.

నీ చెల్లి

*

జూన్ 22

ఒసేయ్ చెల్లీ,

మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా. మొదటి పేరాలో నీ డిగ్రీలు, రెండో పేరాలో పిల్లల మెదడు, మూడో పేరాలో మళ్ళీ మెదడు. ఏ తల్లయినా పిల్ల మెదడు గురించి సాయంత్రం ఏడింటికి చదువుతుందా? నేను షాపు నుంచి వచ్చేసరికి పిడుగు సంచీలో కాగితాలు నాలుగుంటాయి, రెండు తడిసి ఉంటాయి, ఒకదానికి జామ్ అంటుకుని ఉంటుంది. నేను చూసేది ఒక్కటే, ఎక్కడ సంతకం పెట్టాలి అని. నువ్వు రాసింది బాగుంది, కాకపోతే నీకు నువ్వే రాసుకున్నట్టుంది. చిన్నది రాయి. వాళ్ళని ఏదన్నా అడుగు. మనుషులకి జవాబు చెప్పడం ఇష్టం. నా షాపులో చూస్తాగా, కళ్ళు పరీక్ష చేయబోతే ముందు అక్షరాల చార్టు కంఠస్థం పట్టి మరీ కూర్చుంటారు. తప్పు చెప్తే కళ్ళజోడు ఇవ్వనేమో అన్నట్టు!

ఇక్కడ అంతా మామూలే. ముగ్గురం ఉన్న ఇంట్లో ఇద్దరం ఉన్నాం. పిడుగు వాళ్ళ నాన్న వెళ్ళిపోయినప్పుడు ఇల్లు ఇంత పెద్దదిగా అనిపించలేదు మరి. నీ గదిలో ఏమీ కదపలేదు. దువ్వెన తప్ప.

ఆ టిక్కుల గురించి బెంగపడకు. ఉద్యోగం పోతే పోయింది, గది ఉంది.

అక్క

*

జూలై 6, ఆదివారం

అక్కా,

"పోతే పోయింది, గది ఉంది." ఈ ముక్క రాయడానికి నీకు ఎంతసేపు పట్టింది? నాకు మాత్రం మింగడానికి మూడు రోజులు పట్టింది. నేనిక్కడికి గది లేక రాలేదు. సరే, వదిలేయ్. కాగితం మీద ఉన్నాం.

నీ మాట విని పరిచయ పత్రాన్ని ఆరు వాక్యాలకి కుదించాను. నేనెవరిని, మీ పిల్ల ఏ రోజు నా దగ్గరికి వస్తుంది, ఏం చేస్తాం. కింద ఒక ప్రశ్న, 'మీ ఇంట్లో ఎవరు పాడతారు?' అని. నాలుగు గీతలు గీసి చోటు కూడా వదిలాను. ఎవరో తాత బావి దగ్గర పాడేవాడనో, ఎవరో అమ్మ వంట చేస్తూ కూనిరాగం తీస్తుందనో రాస్తారని, ఆ పాటలే తరగతిలో నేర్పిద్దామని ఊహించాను.

మూడువందల పైచిలుకు జవాబులొచ్చాయి. స్టాఫ్ రూములో గర్వంగా కట్ట విప్పాను. 'ఎవరూ పాడరు.' 'ఎవరూ లేరు.' 'మా ఇంట్లో అలాంటివి లేవు.' ఒకాయన 'పాడరు' అని రాసి, పక్కన తేదీ వేసి, స్టాంపు కూడా కొట్టాడు. డ్రాయింగ్ సార్ నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు.

మర్నాడు ఒక తండ్రి మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. ప్లంబరు, చేతిలో రెంచి అలాగే ఉంది. "మేడమ్, ఎవరూ పాడరని రాశాను. నిజానికి పైపుల కింద దూరినప్పుడు నేను పాడతాను. తప్పు రాశానని ఏమన్నా అవుతుందా?" అన్నాడు. ఎందుకు దాచారండీ అంటే, "పాడతామంటే ఆ వాయిద్యం కొనండి, ఈ క్లాసులో చేర్పించండి అంటారని మా వాళ్ళంతా అనుకున్నారు. ముందు జాగ్రత్త" అన్నాడు. వీధి వీధంతా మాట్లాడుకుని మరీ మూగబోయారన్నమాట!

నవ్వుకున్నాను గానీ, ఆయన దిగి వెళ్ళాక ఆ కట్టంతా మళ్ళీ మొదటి నుంచి చదివాను. అడిగే పద్ధతి కూడా నాకు తెలియదేమో అనిపించింది.

నీకొక్కదానికే చెప్తాను. శుక్రవారం నాలుగింటికి బడి వదిలాక సోమవారం ఎనిమిదింటి దాకా నాతో మాట్లాడేవాళ్ళు ఉండరు. కొట్లో వస్తువు చూపించి చేత్తో అడిగినా పనైపోతుంది. సోమవారం పొద్దున మొదటి పాట ఎత్తుకోగానే గొంతులోంచి తుప్పు పట్టిన తలుపు చప్పుడు వస్తుంది. సోమవారం పిల్లలు నా గొంతే అంత అనుకుంటున్నారు. అందుకని ఇప్పుడు ఆదివారం సాయంత్రం గోడతో మాట్లాడి గొంతు సరిచేసుకుంటున్నాను. గోడ నీకంటే నయం, 'పోతే పోయింది' అనదు.

కుటుంబాలకి మమ్మల్ని పరిచయం చేసే సాయంత్రం పందొమ్మిదిన. తర్వాతే టిక్కులు.

చెల్లి

*

జూలై 13

చెల్లెమ్మా,

నేను మంచి మాటే అన్నాను, నువ్వు దాన్ని ఎటు తిప్పి చదివావో నీకే తెలియాలి. చిన్నప్పటి నుంచీ అంతే. అన్నం పెడితే ఎందుకు పెట్టావంటావు, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదంటావు.

పిడుగుకి ముందు పన్ను ఊడింది. ఈల వేయడం వచ్చేసింది, ఇల్లు రైల్వే స్టేషన్ అయింది. షాపులో కొత్త అద్దాల మిషను వచ్చింది, దాని గోల వేరే.

మీ స్కూలేమీ వింత కాదు, ఇప్పుడు అన్నిచోట్లా ఇదే గాలి. పిడుగు స్కూలు నుంచీ అచ్చం అలాంటి కాగితమే వచ్చింది. సంగీతమా, అదనపు లెక్కలా అని. వాళ్ళ సంగీతం టీచర్ని పిడుగు 'బుధవారం ఆవిడ' అంటుంది, నువ్వు రాసినట్టే. నాకు నవ్వొచ్చింది. కౌంటరు మీదే టిక్కు పెట్టి పంపేశాను.

సాయంత్రం పూట గొంతు పొడి చేసుకోకు, వేడినీళ్ళు తాగు. పందొమ్మిదిన ఆ నీలం బట్టలు వేసుకో, బూడిదరంగువి వద్దు, గోడలో కలిసిపోతావు.

అక్క

*

జూలై 22

నా బంగారు అక్కా,

నీ ఉత్తరం సరిగ్గా పరిచయ సాయంత్రానికి ముందు రోజు అందింది. అదే నన్ను కాపాడింది. ఎలాగో విను.

హాల్లో గోడ వెంబడి మా నాలుగు బల్లలు, మధ్యలో తరగతి టీచర్లవి. డ్రాయింగ్ సార్ బల్ల చుట్టూ బొమ్మలు. ఆటల సార్ ఒక బంతి తిప్పుతూ నిలబడితే చాలు, తండ్రులు ఈగల్లా మూగారు. లైబ్రరీ మేడమ్ దగ్గర పుస్తకాలు తిరగేస్తూ ఇద్దరు అమ్మమ్మలు కుర్చీలు వేసుకుని సెటిలైపోయారు. నా బల్ల మీద ఏముంటుంది? బొమ్మనైతే గోడకి అంటిస్తారు, పాటని ఎక్కడ అంటించను? గంటలో పదకొండు మంది వచ్చారు. అందులో నలుగురు మరుగుదొడ్డి ఎటు అని అడిగారు.

చివర్లో తలా రెండు నిమిషాలు మైకు ఇచ్చారు. నేను కాగితం మీద రాసుకున్నదంతా మర్చిపోయాను. ఎదురుగా రెండువందల మొహాలు, అందరూ గడియారాలు చూసుకుంటున్నారు. నోటికి నువ్వొచ్చావు. "మా అక్క కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. పొద్దున వెళ్తే సాయంత్రం ఏడు. ఒక్కతే కూతురిని పెంచుకుంటోంది. మీకొచ్చే కాగితమే తనకీ వచ్చింది. తీరిక లేదు, అయినా కౌంటరు మీదే కాగితం పెట్టుకుని సంగీతానికి టిక్కు పెట్టింది" అన్నాను.

వెనక నుంచి ఒకావిడ అరిచింది. "మీ అక్క కూతురికి లెక్కలు బాగా వచ్చేమో!"

"రావండీ. చేతివేళ్ళు అయిపోతే చెప్పులు విప్పి కాలివేళ్ళు లెక్కపెడుతుంది" అన్నాను.

హాలు హాలంతా నవ్వింది. అక్కా, ఇక్కడికొచ్చాక నా మాటకి మనుషులు నవ్వడం అదే మొదటిసారి. తర్వాత నా బల్ల దగ్గరికి వరస కట్టారు. "మీ అక్క ఎక్కడుంటారు?" "పాపకి ఎన్నేళ్ళు?" అని నీ గురించే. నేను ఎవరో వాళ్ళకి ఇప్పటికీ తెలియదు గానీ నువ్వు మాత్రం అందరికీ తెలుసు.

నిన్న టిక్కులు లెక్కించారు. సంగీతానికి రెండువందల పందొమ్మిది! వచ్చే నెలాఖరున ఖాయం చేస్తారట. నీకు పాదాభివందనం. ఒప్పందం పక్కనపెట్టి ఫోన్ చేద్దామనుకున్నాను, పోట్లాటలో ఈ సంతోషం పాడవుతుందని ఆగాను.

నీ గురువారం టీచర్

*

జూలై 30

చెల్లీ,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మూడుసార్లు మొదలుపెట్టి చింపాను.

పిడుగు కాలివేళ్ళ సంగతి ఊరందరికీ చాటావు. అది తర్వాత మాట్లాడుకుందాం.

నేను టిక్కు పెట్టింది లెక్కలకి.

సంగీతానికని నేను ఎక్కడా రాయలేదు. కావాలంటే తీసి చూసుకో. నువ్వే అనుకున్నావు. ఆ రోజు కౌంటరు ముందు ఒక ముసలాయన కళ్ళజోడు కాలు విరిగిందని నిలబడ్డాడు, పిడుగు మార్కుల కాగితం అంతకుముందు రోజే వచ్చింది, పెన్ను చేతిలో ఉంది. పరీక్షలో పాట అడగరు కదా అనుకున్నాను. పెట్టేశాను. నువ్వు గుర్తు రాలేదా అని అడుగుతావు. వచ్చావు. అయినా పెట్టాను.

నీ ఉద్యోగానికి ఏమీ కాదు కదా? ఇంత దూరంలో ఒక కళ్ళజోళ్ళ షాపు మనిషి ఎక్కడ టిక్కు పెట్టిందో అక్కడ ఎవరు చూడొచ్చారు? నోరు మూసుకుని ఉండు.

అక్క

*

ఆగస్టు 4

అక్కా,

నా గది ఖాళీగా ఉంచింది ఇందుకేనా? ఒక టిక్కు అక్కడ పెడితే ఇక్కడ నేను ఊడిపోయి వస్తానని కాదు, అంత తెలివితక్కువదానివి కావు. కానీ నీ మనసులో నా ఉద్యోగం ఎప్పుడో పోయింది. పోతే పోయిందని మొదటి ఉత్తరంలోనే రాశావు.

నా నోరు మూయమన్నావు. మూశాను. శుక్రవారం నుంచి సోమవారం దాకా మూసే ఉంటుంది, దానికి నువ్వు చెప్పక్కర్లేదు.

సంతకం పెట్టాలని లేదు.

*

ఆగస్టు 14

చెల్లెమ్మా,

నిన్న షాపుకి సగం రోజు సెలవు పెట్టి పిడుగు స్కూలుకి వెళ్ళాను. బుధవారం కదా.

సంగీతం గది అక్కడా చివరే. ఆవిడ ఒక్కతే కూర్చుని స్పీకరు వైరు అతికిస్తోంది. నీకంటే పదేళ్ళు పెద్దది. నన్ను చూసి గబుక్కున లేచి నిలబడింది. "ఏమైనా ఫిర్యాదా అండీ?" అంది. లేదు, మీ పేరు కనుక్కుందామని వచ్చానన్నాను. చెప్పింది. చక్కటి పేరు. ఏడాదిన్నరలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషిని నేనేనట. నా టిక్కు మార్చుకుంటానని ఆఫీసులో అడిగాను. లెక్క ముగిసిందన్నారు. వచ్చే నెల నుంచి ఆ గదిలో లెక్కలే.

అంతకుముందే ఆవిడని పిడుగు గురించి అడిగాను. "పాట పాడేటప్పుడు తలుపు వైపు తిరిగి పాడుతుందండీ, ఎవరో వస్తున్నట్టు" అంది.

ఇప్పుడు నిజం రాస్తాను. ముసలాయన, మార్కులు, అన్నీ నిజమే గానీ, అసలు నిజం వేరు. బుధవారం సాయంత్రాలు అది ఇంటికొచ్చి నీ గదిలో కూర్చుని ఆ రోజు పాట పాడుతుంది. గొంతు నీదే, ఎత్తుకునేటప్పుడు చిన్న జీర కూడా నీదే. నేను వంటింట్లో ఉంటాను. పక్క గదిలో నువ్వున్నట్టే ఉంటుంది. ఉన్నావనుకుని ఏదో ఒకటి అడుగుతాను కూడా. తలుపు తీస్తే పిడుగు ఉంటుంది. వారానికి ఒకసారి నువ్వు మళ్ళీ వెళ్ళిపోతున్నావు. అది ఆపడానికి పెట్టాను టిక్కు. పిల్ల పాట ఆపి నా బెంగ తీర్చుకుందామనుకున్న తల్లిని, చాలా?

గది గురించి నువ్వు అడిగినదానికి జవాబు, అవును. సగం. నీ ఉద్యోగం పోవాలని కోరుకోలేదు. పోతే సంతోషించేదాన్ని. ఈ రెంటికీ తేడా ఉందో లేదో చదువుకున్నదానివి, నువ్వే చెప్పు.

అక్క

*

ఆగస్టు 31, ఆదివారం

అక్కా,

తేడా ఉంది. సన్నగా ఉంది, కానీ ఉంది. నేను కూడా ఎన్నోసార్లు ఆ గీత మీద నిలబడ్డాను. ఆదివారాలు బస్‌స్టాండు వైపు నడిచి మీ వైపు వెళ్ళే బస్సు బోర్డు చదివి తిరిగొచ్చేదాన్ని. ఉద్యోగం తీసేస్తే ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా ఎక్కేయొచ్చు కదా అనుకునేదాన్ని. నీకు రాయలేదు. పంతం.

నీ ఉత్తరం చదివాక నిద్రపట్టక కాదు, పట్టింది, కానీ పొద్దున లేవగానే హెడ్ మేడమ్ గదికి వెళ్ళాను. నేను హాల్లో చెప్పింది తప్పండీ, మా అక్క లెక్కలకి టిక్కు పెట్టింది, ఆ మాట నమ్మి పెట్టినవాళ్ళున్నారు, వాళ్ళకి చెప్పాలి అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "మీరు గెలిచారు కదా, ఎందుకు కెలుకుతారు?" అంది. చెప్పాల్సిందేనండీ అన్నాను. "మీ ఇష్టం. కానీ పదమూడు మంది వెనక్కి తగ్గితే మీ పని సరిగ్గా అంచు మీద ఉంటుంది, పధ్నాలుగైతే నేనేమీ చేయలేను" అంది.

నాలుగువందల పన్నెండు కాగితాలు తీయించాను. ఈసారి అయిదు వాక్యాలే. 'నేను మీ పిల్లల సంగీతం టీచర్ని. పరిచయ సాయంత్రం నాడు మా అక్క సంగీతాన్ని ఎంచుకుందని మీకు చెప్పాను. అది నిజం కాదు, ఆమె లెక్కలు ఎంచుకుంది. ఆ మాట వల్ల మీరు టిక్కు పెట్టి ఉంటే శుక్రవారంలోగా మార్చుకోవచ్చు, కింద గడులున్నాయి. మార్చుకున్నా మీ పిల్ల మీద నాకు ఏ కోపమూ ఉండదు.' తరగతి టీచర్లు సణిగారు. "మిగతావాళ్ళ కాగితాలే ఎక్కువైపోయాయి ఈ మధ్య." అయినా పంచారు.

నాలుగు రోజులు అన్నం సహించలేదు. పెట్టె కూడా సగం సర్దాను, అబద్ధమెందుకు.

శుక్రవారం సాయంత్రం కాగితాలు తిరిగొచ్చాయి. నూట అరవై మూడు. ఒక్కొక్కటే తీసి చూశాను. అన్నిటికీ కింద సంతకాలున్నాయి. గడుల్లో ఏమీ లేదు. ఒక్కదాంట్లో కూడా లేదు. ఒకావిడ సంతకం పైన 'చాలా సంతోషం, ధన్యవాదాలు' అని రాసింది. నేను అబద్ధం చెప్పానని రాస్తే, చాలా సంతోషమట! ఇంకొకరు 'మా సహకారం ఉంటుంది' అన్నారు. ఒక కాగితం వెనక సబ్బులు, చీపురు, బల్బు అని సామాన్ల పట్టీ ఉంది.

క్షమించేశారేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను. గేటు దగ్గర ఒక తల్లిని ఆపి అడిగాను, నా కాగితం చూశారా అండీ అని. "ఏది, ఆ సంగీతం కాగితమా? పెట్టేశానుగా సంతకం" అంది. అంటూనే పిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటేసింది.

ఉద్యోగం ఖాయమైంది. మొన్ననే చేతికి ఉత్తరం ఇచ్చారు. డ్రాయింగ్ సార్ అందరికీ టీ పోయించాడు. నేను నవ్వుతూనే తాగాను. మూడో అంతస్తుకి వెళ్ళి తలుపు వేసుకుని కూర్చున్నాక గానీ తెలియలేదు, ఎందుకు గెలిచానో. నేను రాసినది ఎవరూ చదవలేదు కాబట్టి.

కాబట్టి ఇక్కడే ఉంటాను. ఏ రోజు టీచర్నో ఆ రోజు టీచర్నై ఉంటాను. నా గది పిడుగుకి ఇచ్చేయ్, అందులో ఏం పాడినా పాడనీ. నువ్వు వంటింట్లోంచి ఏదో అడుగుతావు చూడు, అవేంటో ఉత్తరంలో రాసి పంపు. ఆలస్యమైనా ఒక్కోదానికీ జవాబు చెప్తాను.

ఇదంతా చదివానని ఒక్క ముక్క రాయి. సంతకం మాత్రం పెట్టకు.

నీ చెల్లి